యురేనియం సీసమవుతుంది, మరి ముగ్గురాయి యురేనియం నుంచి వచ్చిందా?

వేముల మండలం నుంచి మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఒక మూలకాన్ని ఏ చర్యతోనూ మరో మూలకంగా మార్చలేమని రసాయనశాస్త్రం చెబుతుంటే, మీ తుమ్మలపల్లె గని రాతిలోని యురేనియం కాలక్రమంలో సీసంగా మారుతుందని భౌతికశాస్త్రం చెబుతోంది కదా, ఇందులో ఏది నిజం అన్నది మీ మొదటి సందేహం. యురేనియం చీలితే బేరియం వస్తుందంటారు కాబట్టి, పాత కడప జిల్లాలోనే ఉన్న మంగంపేటలో దొరికే బేరియం ఖనిజమైన ముగ్గురాయి ఆ యురేనియం నుంచే పుట్టి ఉంటుందా అన్నది రెండోది. ఇదంతా నిజమైతే సీసాన్నో పాదరసాన్నో బంగారం చేసుకోక, జొన్నగిరిలో బంగారం కోసం నేల తవ్వడం దేనికి అన్నది మూడోది. మొదటిదానికి జవాబు, రెండూ నిజమే. రెండోదానికి, కాదు. మూడోదానికి, చేయవచ్చు, చేశారు కూడా, కానీ ఎంత చేశారో చూస్తే మీకే నవ్వొస్తుంది. రేడియోధార్మికత పాఠాన్ని డిగ్రీ తరగతులకు చాలా ఏళ్లు చెప్పినవాడిని కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఒక పరమాణువు ఏ మూలకమో తేల్చేది దాని కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య ఒక్కటే. 92 ఉంటే యురేనియం, 82 ఉంటే సీసం, 79 ఉంటే బంగారం, 56 ఉంటే బేరియం. న్యూట్రాన్ల సంఖ్య మారితే అదే మూలకపు వేరొక ఐసోటోపు అవుతుంది తప్ప మూలకం మారదు. రసాయన చర్యలన్నీ కేంద్రకానికి ఎంతో దూరాన తిరిగే ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోవడంతో ముగుస్తాయి. బొగ్గు మండితే ఒక్కో కార్బన్ పరమాణువుకు వెలువడే శక్తి సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక యురేనియం కేంద్రకం చీలితే వెలువడేది సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే అయిదు కోట్ల రెట్ల తేడా. పొయ్యిలో, కొలిమిలో, ఆమ్లంలో లభించే శక్తి కేంద్రకాన్ని కదిలించడానికి ఎందుకూ చాలదు. కాబట్టి రసాయనశాస్త్ర పుస్తకం చెప్పింది దాని పరిధిలో అక్షరాలా సరైనదే. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వెతికే వజ్రమూ, పెన్సిల్లోని గ్రాఫైటూ రెండూ కార్బనే కనుక, ఒకటి రెండోదిగా మారడాన్ని కూడా మూలకం మారడంగా లెక్కించకూడదు.

ఈ తేడాను మీ ఊరి పక్కనే చూడవచ్చు. తుమ్మలపల్లె ఖనిజం డోలమైటు జాతికి చెందిన కార్బనేట్ రాయి. అందులో యురేనియం చాలా తక్కువ, టన్ను రాతికి అర కిలో కూడా ఉండదు. ఆమ్లం పోస్తే ఆ ఆమ్లమంతా కార్బనేట్ రాతిని కరిగించడానికే ఖర్చయిపోతుంది కాబట్టి, అక్కడి మిల్లులో సోడియం కార్బనేటు, బైకార్బనేటు కలిసిన క్షార ద్రావణంతో, అధిక పీడనం, వేడిమిల వద్ద యురేనియాన్ని కరిగించి, చివరకు సోడియం డైయురేనేట్ అనే పసుపు పొడిగా రాబడతారు. అది ఇంధన తయారీకి హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళుతుంది. ఇంత పెద్ద కర్మాగారంలో, ఇన్ని దశల్లో, ఒక్క కేంద్రకాన్ని కూడా ఎవరూ మార్చడం లేదు. రాతిలో ఏ యురేనియం పరమాణువులు ఉన్నాయో పొడిలోనూ అవే ఉంటాయి. మిల్లు చేసేది వేరు చేయడం మాత్రమే.

మరి యురేనియం సీసంగా మారేది ఎక్కడ? రాతిలోనే, ఎవరి ప్రమేయమూ లేకుండా. కేంద్రకంలోని ప్రోటాన్లన్నీ ధనావేశం గలవి కాబట్టి ఒకదానినొకటి నెట్టివేసుకుంటాయి. వాటిని పట్టి ఉంచే కేంద్రక బలం చాలా గట్టిదే అయినా పక్కనున్న కణాలకు మించి దాని చేయి చాచదు. కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ వికర్షణదే పైచేయి అవుతుంది. సీసాన్ని దాటిన తరువాత నిజంగా స్థిరమైన కేంద్రకమే లేదు. అటువంటి కేంద్రకం ముఖ్యంగా రెండు విధాలుగా మారుతుంది. ఆల్ఫా క్షయంలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసి ఒకే ముద్దగా బయటకు వెళతాయి. మూలకం ఆవర్తన పట్టికలో రెండు గడులు వెనక్కు జరుగుతుంది, ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం, నాలుగు తగ్గుతుంది. బీటా క్షయంలో కేంద్రకంలోని ఒక న్యూట్రాన్ ప్రోటానుగా మారి ఎలక్ట్రానును, యాంటీన్యూట్రినోను వెలువరిస్తుంది. మూలకం ఒక గడి ముందుకు జరుగుతుంది, ద్రవ్యరాశి సంఖ్య మారదు.

ఇప్పుడు యురేనియం-238 దారిని చూడండి. అది ఒక ఆల్ఫాను విడిచి థోరియం-234 అవుతుంది. దీని అర్ధజీవితకాలం, అంటే ఉన్న పరమాణువుల్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, 24 రోజులు. అది బీటాతో ప్రొటాక్టినియం అవుతుంది, ఒకటి రెండు నిమిషాల్లోనే మరో బీటాతో తిరిగి యురేనియమే అవుతుంది, అయితే ఈసారి యురేనియం-234. ఇది రెండున్నర లక్షల ఏళ్లకు కాస్త తక్కువ అర్ధజీవితకాలంతో థోరియం-230గా, అది సుమారు 75 వేల ఏళ్లతో రేడియం-226గా, అది 1,600 ఏళ్లతో రాడాన్-222గా మారుతుంది. రాడాన్ వాయువు. ఈ వరుస మొత్తంలో వాయు రూపంలో ఉండేది ఇదొక్కటే కనుక, 3.8 రోజుల అర్ధజీవితకాలంలోనే రాతి పగుళ్లలోంచి బయటకు రాగలుగుతుంది. భూగర్భ యురేనియం గనుల్లో గాలి ప్రసరణకు అంత ప్రాముఖ్యం ఇచ్చేది ఇందుకే. రాడాన్ నుంచి పొలోనియం, సీసం-214, బిస్మత్, మళ్లీ పొలోనియం, సీసం-210, మళ్లీ బిస్మత్, మళ్లీ పొలోనియం, చివరకు సీసం-206. మధ్యలో రెండుసార్లు సీసం వచ్చినా ఆ రెండూ అస్థిర ఐసోటోపులు కాబట్టి ప్రయాణం అక్కడ ఆగదు. మొత్తం మీద 8 ఆల్ఫాలు, 6 బీటాలు. జమాఖర్చు చూస్తే, ప్రోటాన్లు 92 నుంచి 16 పోయి 6 చేరితే 82. ద్రవ్యరాశి సంఖ్య 238 నుంచి 32 పోతే 206. సరిగ్గా సీసం-206.

మిల్లు వ్యర్థాన్ని నిలవ చేసే టైలింగ్ పాండ్ గురించి మన ప్రాంతంలో జరిగే వాదోపవాదాల్లోకి నేను వెళ్లను. అయితే ఏ పక్షాన మాట్లాడేవారైనా తెలుసుకోవలసిన భౌతికశాస్త్ర విషయం ఒకటుంది. మిల్లు రాతి నుంచి యురేనియాన్ని మాత్రమే తీసుకుంటుంది. పై వరుసలో దాని తరువాత వచ్చే థోరియం-230, రేడియం-226 చాలావరకు వ్యర్థంలోనే ఉండిపోతాయి. ఖనిజపు మొత్తం రేడియోధార్మికతలో అధికభాగం వీటిదీ, వీటి సంతానానిదీ. రేడియం 1,600 ఏళ్లకు సగమయ్యేదే అయినా, 75 వేల ఏళ్ల థోరియం దాన్ని నింపుతూనే ఉంటుంది. కాబట్టి ‘యురేనియం తీసేశారు, ఇక మిగిలింది మట్టే’ అనడం సరికాదు. ఆ వ్యర్థాన్ని నీటికి, గాలికి తగలకుండా ఎంతకాలం కాపాడాలి అన్న ప్రశ్నను ఈ అంకెలతోనే మొదలుపెట్టాలి.

ఈ మార్పు ఎంత నెమ్మదిగా జరుగుతుందో చెప్పడానికి మన దగ్గరే మంచి సాక్ష్యం ఉంది. యురేనియం-238 అర్ధజీవితకాలం 447 కోట్ల ఏళ్లు. పులివెందుల పరిసరాల్లో కడప బేసిన్ అవక్షేప శిలల మధ్య పరచుకున్న నల్లటి అగ్నిశిల ఒకటుంది. భూవిజ్ఞానులు దాన్ని పులివెందుల సిల్ అంటారు. అందులోని బాడెలెయైట్ అనే ఖనిజపు సూక్ష్మ స్ఫటికాలు ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తాయి, సీసాన్ని దాదాపు రానివ్వవు. అందువల్ల ఇప్పుడు వాటిలో కనిపించే సీసమంతా ఆ యురేనియం మారగా వచ్చినదేనని తీసుకుని, రెండింటి నిష్పత్తిని కొలిచి ఆ శిల వయస్సు సుమారు 188.5 కోట్ల ఏళ్లని తేల్చారు. తుమ్మలపల్లె ఖనిజం ఉన్న వేంపల్లె శిలలు వరుసలో దీనికంటే కిందివి, కాబట్టి ఇంకా పాతవి. అంత కాలంలో యురేనియం-238లో దాదాపు నాలుగో వంతు సీసమైంది. యురేనియం-235 అర్ధజీవితకాలం 70 కోట్ల ఏళ్లే కనుక అది నూటికి 84 పాళ్లు కరిగిపోయింది. నేటి యురేనియంలో 235 వాటా 0.72 శాతమే, సిల్ ఏర్పడిననాటికి అది మూడు శాతం దాటి ఉండేదని ఈ లెక్కే చెబుతుంది.

ఆ మూడు శాతం చిన్న విషయం కాదు. నేటి విద్యుత్ రియాక్టర్లలో చాలావాటికి యురేనియాన్ని శ్రమపడి ఇంచుమించు ఆ స్థాయికే శుద్ధి చేస్తారు. ఆఫ్రికాలోని గబాన్ దేశంలో ఓక్లో గని ఖనిజంలో 235 వాటా 0.720 శాతం ఉండవలసింది 0.717 ఉందని 1972లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గమనించి ఆరా తీస్తే, సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట అక్కడ భూగర్భ జలం సాయంతో సహజ రియాక్టర్లు నడిచాయని బయటపడింది. అక్కడి నియోడిమియం ఐసోటోపుల పాళ్లు మామూలు భూమిలోని పాళ్లలా కాక, యురేనియం చీలితే వచ్చే పాళ్లలా ఉండడమే దానికి బలమైన రుజువు. తుమ్మలపల్లెలో అలా ఎందుకు జరగలేదంటే, అక్కడి రాతిలో యురేనియం మరీ పలచగా ఉంది. ఒక చీలిక మరో చీలికను రేపుతూ పోయే శృంఖల చర్య నిలబడాలంటే ఖనిజం ఎన్నో రెట్లు చిక్కగా ఉండాలి.

‘మారిందని ఎలా నమ్మాలి, ఎవరైనా చూశారా’ అని తరగతిలో తప్పకుండా ఒకరైనా అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. రూథర్‌ఫర్డ్, సోడీ 1901-02లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో థోరియం నుంచి వేరే మూలకం పుడుతోందని చూపారు. అది ప్రకృతి తానుగా చేసే పని. మనిషి చేతి మీదుగా జరిగిన మార్పును రూథర్‌ఫర్డ్ 1919లో ప్రకటించాడు. నైట్రోజన్ వాయువులోకి ఆల్ఫా కణాలను పంపితే ప్రోటాన్లు వెలువడ్డాయి. నైట్రోజన్-14, ఆల్ఫా కలిసి ఆక్సిజన్-17, ప్రోటాన్ అవుతాయన్నది ఆ తరువాత 1925లో బ్లాకెట్, కణాలు వెళ్లిన జాడలను చూపే మేఘ పేటికతో తీసిన ఫొటోల వల్ల స్థిరపడింది. ఆయన తీసినవి సుమారు 23 వేల ఫొటోలు, వాటిలో నాలుగు లక్షల ఆల్ఫా జాడలు, అందులో నైట్రోజన్ మారిన ఘటనలు ఎనిమిది. కేంద్రకం ఎంత చిన్నదో, దాన్ని తాకడం ఎంత అరుదో ఈ అంకెలకు మించి చెప్పే మాట నాకు దొరకలేదు.

నాకు అన్నిటికంటే అందంగా తోచే రుజువు మాత్రం 1934లో పారిస్‌లో ఇరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియో దంపతులు చేసినది. వారు అల్యూమినియం రేకు మీద ఆల్ఫా కణాలను పడనిచ్చి, ఆల్ఫా మూలాన్ని తీసేసిన తరువాత కూడా రేకు పాజిట్రాన్లను, అంటే ధనావేశం గల ఎలక్ట్రాన్లను, వెలువరిస్తూ ఉండడం గమనించారు. అల్యూమినియం-27 ఆల్ఫాను గ్రహించి ఒక న్యూట్రానును విడిస్తే ఫాస్ఫరస్-30 కావాలి. ప్రకృతిలో అటువంటి ఫాస్ఫరస్ లేదు. అది నిజంగా ఫాస్ఫరసేనని నిరూపించాలంటే రసాయన పరీక్ష చేయాలి, కానీ దాని అర్ధజీవితకాలం రెండున్నర నిమిషాలు. వారు రేకును వెంటనే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించారు. అల్యూమినియం ద్రావణంలోనే ఉండిపోయింది. రేడియోధార్మికత మాత్రం వెలువడిన హైడ్రోజన్ వాయువుతో పాటు పైనున్న గొట్టంలోకి వెళ్లింది, ఫాస్ఫరస్ ఫాస్ఫీన్ వాయువుగా వెళ్లేటట్టే. అల్యూమినియంతో మొదలైన పని కొన్ని నిమిషాల్లో ఫాస్ఫరస్ గుణాలు చూపి, ఆ తరువాత సిలికాన్-30గా నిలిచిపోయింది. మూలకం మారిందని చివరికి సాక్ష్యం చెప్పింది, మారదని మీ పుస్తకంలో రాసిన ఆ రసాయనశాస్త్రమే.

బేరియం కథలోనూ సాక్ష్యం రసాయనశాస్త్రానిదే. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియం మీద న్యూట్రాన్లను ప్రయోగించి, వచ్చిన పదార్థాల్లో రేడియం ఉంటుందని ఆశించారు. రేడియం, బేరియం ఒకే వర్గపు మూలకాలు కాబట్టి బేరియాన్ని వాహకంగా కలిపి అవక్షేపం చేసి, తరువాత స్ఫటికీకరణ పద్ధతితో రేడియాన్ని వేరు చేద్దామనుకున్నారు. ఎన్నిసార్లు చేసినా ఆ రేడియోధార్మికత బేరియాన్ని వదలలేదు, ఎందుకంటే అది బేరియమే. అప్పటికి నాజీల వల్ల జర్మనీ విడిచి స్వీడన్ చేరిన లీజ్ మైట్నర్, ఆమె సోదరి కొడుకు ఓటో ఫ్రిష్ కలిసి దానికి అర్థం చెప్పారు: యురేనియం కేంద్రకం రెండు ముక్కలైంది, ఒకటి 56 ప్రోటాన్ల బేరియమైతే రెండోది 36 ప్రోటాన్ల క్రిప్టాన్, కూడితే 92. అయితే కేంద్రకం ప్రతిసారీ ఇలాగే చీలదు. స్ట్రాన్షియం-జీనాన్, రుబీడియం-సీజియం ఇలా ఎన్నో జతలు వస్తాయి, ప్రతి జతలోనూ ప్రోటాన్ల మొత్తం 92. ముక్కల్లో న్యూట్రాన్లు ఎక్కువ కాబట్టి అవి బీటాలు విడుస్తూ మళ్లీ మారుతూ పోతాయి. ఉదాహరణకు బేరియం-140 సుమారు 13 రోజుల అర్ధజీవితకాలంతో లాంథనం అయి, ఆపైన సీరియం-140గా స్థిరపడుతుంది.

ఇక మంగంపేట. అక్కడి ముగ్గురాయి బేరియం సల్ఫేటు, కోట్ల టన్నుల నిక్షేపం. అది యురేనియం చీలి వచ్చింది కాదని చెప్పడానికి రెండు కారణాలు చాలు. యురేనియం-238 తనంతట తానుగా చీలడం అత్యంత అరుదు. దాని క్షయాల్లో సుమారు 18 లక్షలకు ఒకటి మాత్రమే విచ్ఛిత్తి, మిగతావన్నీ ఆల్ఫా. ఆ దారిలో కోట్ల టన్నుల బేరియం రావాలంటే భూమి మీదున్న యురేనియం మొత్తం కూడా చాలదు. రెండోది ఇంకా సూటిగా తేల్చేది. ప్రకృతిలోని బేరియం 130 నుంచి 138 వరకు ఏడు ఐసోటోపుల మిశ్రమం. అందులో 134, 136 కలిపి పదో వంతు ఉంటాయి. విచ్ఛిత్తి ముక్కలు బీటాలతో మెట్లు ఎక్కేటప్పుడు ఆ రెండు ద్రవ్యరాశి సంఖ్యల దగ్గర జీనాన్-134, జీనాన్-136 వద్దే ఆగిపోతాయి, బేరియం దాకా దాదాపు చేరవు. కాబట్టి విచ్ఛిత్తి వల్ల వచ్చిన బేరియం అయితే ఆ రెండూ లేకుండా ఉండాలి. మంగంపేట బేరియంలో ఆ రెండూ ఉన్నాయి. ఆ బేరియం భూమి కంటే పాతది. ముసలి నక్షత్రాల లోపల తేలిక కేంద్రకాలు న్యూట్రాన్లను ఒక్కొక్కటిగా గ్రహిస్తూ, మధ్యమధ్య బీటాలు విడుస్తూ పెరిగి ఏర్పడింది. మూలకం మారడమంటే అదే, కాకపోతే రాజంపేట వైపు జరగలేదు, నక్షత్రంలో జరిగింది. అది ప్రాచీన సముద్రగర్భంలో సల్ఫేటుతో కలిసి పొరలుగా పేరుకోవడం మాత్రం మామూలు రసాయన చర్యే.

నక్షత్రాల్లో జరిగే ఈ న్యూట్రాన్ గ్రహణాన్నే మన రియాక్టర్లలోనూ వాడుకుంటారు. యురేనియం-238 ఒక న్యూట్రానును గ్రహించి, రెండు బీటాలతో నెప్ట్యూనియం మీదుగా ప్లుటోనియం-239 అవుతుంది. అదేవిధంగా థోరియం-232 ప్రొటాక్టినియం మీదుగా యురేనియం-233 అవుతుంది. కల్పాక్కంలోని కామిని రియాక్టర్ 1996 నుంచి ఈ యురేనియం-233 ఇంధనంతోనే నడిచింది. క్యాన్సర్ ఆసుపత్రుల్లోని కోబాల్ట్ యంత్రం సంగతీ ఇంతే. మామూలు కోబాల్ట్-59ను రియాక్టర్లో ఉంచితే కోబాల్ట్-60 అవుతుంది, అది 5.27 ఏళ్లకు సగం చొప్పున నికెల్‌గా మారిపోతూ ఉంటుంది కాబట్టి, ఏడాది గడిచేకొద్దీ అంతే మోతాదు ఇవ్వడానికి రోగిని యంత్రం కింద కాస్త ఎక్కువసేపు ఉంచవలసి వస్తుంది. ఇక రియాక్టర్లూ గనులూ లేకపోయినా మారేవి మారుతూనే ఉంటాయి. పులివెందుల అరటిపండులోనూ, దాన్ని తిన్న మనిషిలోనూ ఉండే పొటాషియంలో పదివేలకు ఒకటి పొటాషియం-40. ఒక మనిషి ఒంట్లో సెకనుకు దాదాపు నాలుగు వేల పొటాషియం పరమాణువులు మారుతుంటాయి, వాటిలో పదింట తొమ్మిది కాల్షియంగా, మిగిలినవి ఆర్గాన్‌గా. ఇందులో భయపడవలసింది ఏమీ లేదు.

చివరగా బంగారం. 79కి పక్కనే 80, పాదరసం. 1941లో హార్వర్డ్‌లో పాదరసం మీద వేగవంతమైన న్యూట్రాన్లను ప్రయోగించి బంగారం చేశారు, కానీ వచ్చినవి అస్థిర ఐసోటోపులు, మళ్లీ పాదరసమైపోయాయి. స్థిరమైన బంగారం-197 కావాలంటే పాదరసం-196తో మొదలుపెట్టాలి. అది న్యూట్రానును గ్రహించి పాదరసం-197 అయి, సుమారు 64 గంటల అర్ధజీవితకాలంతో తన ఎలక్ట్రానునే మింగి బంగారమవుతుంది. కానీ కిలో పాదరసంలో 196 రకం ఒకటిన్నర గ్రాములే; మిగతా పాదరసంలో కొంత రేడియోధార్మికమై, దాన్ని దాచిపెట్టే ఖర్చు మీద పడుతుంది. పైగా రియాక్టర్లో అసలు బంగారాన్ని ఉంచితే జరిగేది తలకిందుల వ్యాపారం, బంగారం-198 అయి 2.7 రోజుల అర్ధజీవితకాలంతో పాదరసమైపోతుంది. సీసం సంగతికొస్తే, యూరప్‌లోని సెర్న్ అనే కణభౌతిక పరిశోధన కేంద్రంలో 2015 నుంచి 2018 వరకు సీసం కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఒకదాని పక్కగా ఒకటి పోనిచ్చినప్పుడు, కొన్ని మూడేసి ప్రోటాన్లను పోగొట్టుకుని బంగారమయ్యాయని అక్కడి ఆలిస్ ప్రయోగ బృందం 2025లో ప్రకటించింది. అన్నీ కలిపి 8,600 కోట్ల కేంద్రకాలు. వాటి బరువు గ్రాములో లక్ష కోట్ల వంతులు చేస్తే అందులో 29 వంతులు, అవి కూడా క్షణంలో యంత్రపు గోడకు తగిలి ముక్కలైపోయాయి. జొన్నగిరిలో తవ్వడమే చౌక.

మీరు డిగ్రీ పరీక్షకు చదువుతున్నామని రాశారు కాబట్టి, యురేనియం-238కి పైన చూపిన లెక్కను యురేనియం-235 సీసం-207గా, థోరియం-232 సీసం-208గా మారడానికి మీరే చేసి చూడండి. ముందు ద్రవ్యరాశి సంఖ్యల తేడాను నాలుగుతో భాగించి ఆల్ఫాలను, ఆ తరువాత ప్రోటాన్ల తేడాతో బీటాలను తేల్చాలి. మొదటిదానికి 7 ఆల్ఫాలు, 4 బీటాలు. రెండోదానికి 6 ఆల్ఫాలు, 4 బీటాలు రావాలి.